పొయ్యి ముందు పసివారు: ధాబాలో నేరం, తెరపై కళ

2013వ సంవత్సరం ఆగస్టులో స్టార్ ప్లస్ టి.వి.లో 'జూనియర్ మాస్టర్‌చెఫ్ – స్వాద్ కే ఉస్తాద్' అనే హిందీ కార్యక్రమం ప్రారంభమైంది. ఇంకా బడిలో ఎక్కాలు, వ్యాకరణం నేర్చుకుంటున్న పిల్లలు తెల్లని కోట్లు ధరించి, తమ మోచేతుల ఎత్తున్న బల్లల ముందు నిలబడి, గడియారం చూసుకుంటూ వంట చేశారు. పెద్ద హోటళ్ళ వంటనిపుణులు వారి ప్రక్కన నిలిచి మెలకువలు చెప్పారు, రుచి చూశారు, మెచ్చుకున్నారు, చివరకు కొందరిని ఇంటికి పంపించారు. అమృత్‌సర్‌లో పుట్టి న్యూయార్కులో పేరు తెచ్చుకున్న వికాస్ ఖన్నా, గుర్‌గాఁవ్‌లోని లీలా హోటలు వంటశాలలో పనిచేసి ప్రసిద్ధుడైన కునాల్ కపూర్, సుర్జన్ సింగ్ జాలీ ఆనాటి న్యాయనిర్ణేతలు. ఢిల్లీ, ఘాజియాబాద్, ఫరీదాబాద్ ప్రాంతాలలోని మన రైల్వే, తపాలా నివాసాలలో పిల్లలున్న అనేక కుటుంబాలకు ఈ కార్యక్రమం జ్ఞాపకముండే ఉంటుంది.

ఈ పోటీ మన దేశంలో పుట్టింది కాదు. బ్రిటన్‌లో బి.బి.సి. 1990లో పెద్దలకు 'మాస్టర్‌చెఫ్' పోటీని, 1994లో పిల్లలకు అదే పోటీని ఆరంభించింది. 2010లో ఆస్ట్రేలియా పిల్లల పోటీని భారీ హంగులతో మళ్ళీ తెరకెక్కించింది. అదే సంవత్సరం మన దేశంలో పెద్దల పోటీ వచ్చింది. మూడేళ్ళకు పిల్లల వంతు వచ్చింది. 2021లో పెద్దల పోటీ జెమిని టి.వి. ద్వారా తెలుగులోకి కూడా వచ్చింది. సరుకుల వలెనే వినోదపు నమూనాలు కూడా దేశదేశాలలో అమ్ముడవుతున్నాయని దీనివల్ల తెలుస్తున్నది. సరుకు దిగుమతి అయినప్పుడు సుంకం వసూలు చేసే ప్రభుత్వం, ఇటువంటి నమూనా దిగుమతి అయినప్పుడు ఏమి అడగాలి? ఈ ప్రశ్న కార్మికోద్యమానికి సంబంధించినదే.

వంటల కార్యక్రమానికి, కార్మిక సంఘ పత్రికకు సంబంధమేమిటని కొందరు సోదరులు అడగవచ్చు. సంబంధం దగ్గరిదే. వంటశాల ఒక పనిచోటు. అక్కడ నిప్పు ఉన్నది, కత్తి ఉన్నది, మరిగే నూనె ఉన్నది, పని గంటలున్నవి, యజమాని ఉన్నాడు, ఆదాయం ఉన్నది. అటువంటి చోట పసివాడు నిలబడితే, దానిని ఆట అనాలో, చదువు అనాలో, పని అనాలో ముందుగా తేల్చవలసినవారు శ్రమను ఎరిగినవారే.

పోటీలోని మంచి

ముందుగా న్యాయంగా ఒప్పుకోవలసినది ఒప్పుకుందాం. పిల్లలు వంట నేర్చుకోవడం మంచిది. మన ఇళ్ళలో వంట ఆడవారి పని అనే అభిప్రాయం ఈనాటికీ పోలేదు. పగలంతా తపాలా కార్యాలయంలో కౌంటరు వద్ద కూర్చుని, ఇంటికి వచ్చిన వెంటనే పొయ్యి వెలిగించవలసి వచ్చే మన సోదరీమణులకు ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు. తెరమీద మగపిల్లవాడు గరిటె పట్టి గర్వంగా నిలబడడం చూసి, ఒక ఇంటిలోనైనా కొడుకు లేచి తల్లికి ఉల్లిపాయలు తరిగి ఇచ్చి ఉంటే, ఆ మేరకు ఆ కార్యక్రమం మేలు చేసినట్లే.

అంతేకాదు, వంట ఒక విద్య. ఏ పప్పు ఎంతసేపు నానాలి, పోపులో ఆవాలు ఎప్పుడు వేయాలి, ఉప్పు ఎక్కువైతే ఏమి చేయాలి అనే తెలివి పుస్తకాల వలన రాదు. చేయి తిరిగినవారి ప్రక్కన నిలబడి చూస్తే వస్తుంది. పనిలో ఆరితేరిన పెద్దవానిని, నేర్చుకోగోరే చిన్నవానిని ఒకచోట చేర్చడం మన పాత పద్ధతే. కంసాలి కొలిమి వద్ద, సాలె మగ్గం వద్ద, రైల్వే కర్మాగారంలో ఫిట్టరు ప్రక్కన విద్య ఇట్లే చేతి నుండి చేతికి వచ్చింది. ఆ దృశ్యం ఆకర్షించిందంటే ఆశ్చర్యం లేదు. కాగా, ఆ దృశ్యం చుట్టూ అల్లుకున్న వ్యాపారాన్నే మనం పరీక్షించాలి.

ఒకే పొయ్యి, రెండు నీతులు

2006వ సంవత్సరం అక్టోబరు 10వ తేదీ నుండి ధాబాలలో, హోటళ్ళలో, టీ దుకాణాలలో, విశ్రాంతి గృహాలలో, ఇళ్ళలో పనివారుగా పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను నియమించడాన్ని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. 1986 నాటి బాలకార్మిక చట్టం క్రింద వచ్చిన ఆ ప్రకటన సబబైనది. పహాడ్‌గంజ్ సందులలోను, పాత ఢిల్లీ స్టేషను పరిసరాలలోను గ్లాసులు కడిగే పసివారిని చూసిన రైల్వే ఉద్యోగులకు ఆ నిషేధం ఎంత అవసరమో తెలుసు. అది ఎంత బలహీనంగా అమలు జరిగిందో కూడా తెలుసు.

2016లో ఆ చట్టానికి సవరణ వచ్చింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోను పెట్టరాదని సవరణ చెప్పింది. ఉల్లంఘించిన యజమానికి ఆరు నెలల నుండి రెండేళ్ళ వరకు జైలు, ఇరవై వేల నుండి ఏభై వేల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని చెప్పింది. అదే సవరణ రెండు మినహాయింపులు కూడా ఇచ్చింది. మొదటిది, బడి వేళలు మించిన తర్వాతను, సెలవులలోను ప్రమాదరహితమైన కుటుంబ వృత్తిలో సహాయం చేయడం. రెండవది, సినిమాలు, టి.వి. ధారావాహికలు, వాణిజ్య ప్రకటనలు మొదలైన వినోద పరిశ్రమలోను, సర్కసు మినహా క్రీడలలోను కళాకారునిగా పాల్గొనడం.

పాఠకులు ఒక్క క్షణం ఆలోచించండి. పదేళ్ళ పిల్లవాడు ఘాజియాబాద్ రోడ్డు మీది ధాబాలో రొట్టెలు కాలిస్తే, యజమాని నేరస్థుడు. అదే వయసు పిల్లవాడు దీపాల వెలుగులో, కెమెరాల ముందు రొట్టె కాలిస్తే, వాడు కళాకారుడు. నిప్పు అదే, పెనం అదే, చిట్టి చేతులు అవే. మారినది చూసేవారి సంఖ్య, వచ్చే లాభం మాత్రమే. మరొక వింత గమనించండి. 2017లో వచ్చిన నిబంధనలు డబ్బు కోసం వీధిలో ఇచ్చే ప్రదర్శనను ఈ 'కళ' నుండి మినహాయించాయి. వీధిలో తాడు మీద నడిచే దొమ్మరి పిల్లను రక్షించవలసిందే. అందులో సందేహం లేదు. స్టూడియోలో నిలబడిన పిల్లకు కూడా అంత శ్రద్ధగా రక్షణ కల్పించారా అన్నదే మన ప్రశ్న.

కాగితం మీద రక్షణలు లేకపోలేదు. 2017 నిబంధనల ప్రకారం పిల్లలతో రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించరాదు. విశ్రాంతి ఇవ్వకుండా మూడు గంటలకు మించి నిలబెట్టరాదు. వరుసగా ఇరవైయేడు రోజులకు మించి పనిలో ఉంచరాదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. ఐదుగురు పిల్లలకు మించకుండా ఒక బాధ్యుడైన వ్యక్తిని నియమించాలి. చదువు ఆగకుండా ఏర్పాటు చేయాలి. పిల్లవాని సంపాదనలో కనీసం ఇరవై శాతం వాని పేరిట జాతీయ బ్యాంకులో డిపాజిట్టు చేసి, మేజరైన తర్వాత వానికి అందేటట్లు చూడాలి. ఇవన్నీ మంచి నిబంధనలే. అయితే 2013లో మన తెరపై పిల్లలు వండుతున్న నాటికి వీటిలో ఒక్కటి కూడా చట్టబద్ధమై లేదు. ఢిల్లీలోని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ అంతకు ముందే రూపొందించిన మార్గదర్శక సూత్రాలు మాత్రం ఉన్నాయి. మార్గదర్శకాన్ని మీరితే జరిమానా ఉండదని మనకు వేరే చెప్పాలా?

చట్టమైనంత మాత్రాన అమలు జరుగుతుందనుకోవడం కూడా పొరపాటు. పది గంటల పనిదినం కోసం 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి ఒప్పందం సాధించారు. ఒప్పందం చేతికి వచ్చిన తర్వాత కూడా దాని అమలు కోసం ఎన్ని ఏళ్ళు పోరాడవలసి వచ్చిందో మన పెద్దలకు జ్ఞాపకమే. సంఘం ఉన్నవారి గతి అది. స్టూడియోలోని పదేళ్ళ పిల్లకు సంఘం లేదు. డ్యూటీ పుస్తకం లేదు. ఓవర్‌టైం లెక్క లేదు. తెరమీద ఒక గంట కనిపించే దాని వెనుక అనేక గంటల చిత్రీకరణ ఉంటుంది. ఆ గంటలు ఎవరు లెక్కపెడతారు? తల్లిదండ్రులు ప్రక్కనే ఉంటారు కదా అని అంటారు. కాని బిడ్డ గెలవాలని ఆశపడే తండ్రి, బిడ్డ అలసిపోయినది ఇక చాలునని నిర్మాతతో చెప్పగలడా?

ఓడిన బిడ్డ కన్నీరు

ఈ పోటీల ప్రాణం వడపోతలో ఉన్నది. వారం వారం కొందరు వెళ్ళిపోవాలి. వెళ్ళిపోయేవారు ఏడవాలి. ఆ ఏడుపును కెమెరా దగ్గరగా చూపాలి. తర్వాత ప్రకటన రావాలి. పెద్దవాడు ఈ బేరం తెలిసి ఒప్పుకుంటాడు. పసివానికి ఆ బేరం తెలియదు. తన కూర బాగా లేదని చెప్పినప్పుడు, తానే బాగా లేనని వాడు అనుకుంటాడు.

2008లో బెంగాలీ టి.వి. నృత్య పోటీలో న్యాయనిర్ణేతల మందలింపు తర్వాత ఒక పాఠశాల బాలిక మాట, కదలిక కోల్పోయి ఆసుపత్రి పాలైందని పత్రికలు వ్రాశాయి. దాని వైద్య కారణాల గురించి వాదన ఎలా ఉన్నా, దేశం మాత్రం ఉలిక్కిపడింది. 2019 జూన్‌లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ, నృత్య పోటీలలో పిల్లల చేత పెద్దల శృంగార చేష్టలు చేయించరాదని ప్రైవేటు చానళ్ళకు సలహా పంపవలసి వచ్చింది. వంట పోటీలలో ఆ అసభ్యత లేదు. వికాస్ ఖన్నా వంటివారు పిల్లలతో ఆప్యాయంగా మాట్లాడడం ప్రేక్షకులు చూశారు. అయినప్పటికీ, మందలించేవాని మంచితనం మీద పిల్లల క్షేమం ఆధారపడరాదు. మంచి ఫోర్‌మన్ ఉన్నాడని మనం కర్మాగారాల చట్టాన్ని వదులుకున్నామా?

పిల్లల పోటీని మర్యాదగా నడపడం అసాధ్యం కాదు. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఆరంభించిన 'పాడుతా తీయగా' తెలుగువారందరికీ తెలుసు. స్వరం తప్పిన పిల్లవానికి ఆయన తప్పు చెప్పేవారు. చెబుతూనే తాను పాడి చూపేవారు. ఆ పాట పుట్టుపూర్వోత్తరాలు వివరించేవారు. అక్కడ కూడా గెలుపు ఓటములు ఉన్నవి. కాని ఓడిన పిల్లవాడు ఏదో ఒకటి నేర్చుకుని ఇంటికి వెళ్ళేవాడు. న్యాయనిర్ణేత గురువుగా ఉండవచ్చునని, తీర్పు పాఠంగా ఉండవచ్చునని మన భాషలోనే నిరూపణ అయింది.

నిపుణుడెవరు?

ఈ కార్యక్రమాలు మరొక అన్యాయం కూడా చేస్తున్నవి. అది పిల్లలకు కాదు, వంటవారికి. తెరమీద వంటశాలలో ఒకే ఒక నాయకుడు కనిపిస్తాడు. కూరగాయలు కడిగినవారు, పాత్రలు తోమినవారు, గచ్చు తుడిచినవారు, గ్యాసు బండలు మోసినవారు కనిపించరు. 'చెఫ్' అనే మాటకు కీర్తి వచ్చింది. 'వంటవాడు' అనే మాటకు రాలేదు. ఆ తెర చూసి పెరిగే పిల్లవాడు తన చుట్టూ ఉన్న వంటవారిని నిపుణులుగా గుర్తిస్తాడా?

మన శాఖలోని చరిత్రనే చూడండి. రెండు వందల ఏభై మందికి మించి పనిచేసే కర్మాగారంలో క్యాంటీను ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టం చెప్పింది. రైల్వేలో ఆ క్యాంటీన్లలో దశాబ్దాలుగా అన్నం వండి పెట్టినవారు తాము రైల్వే ఉద్యోగులమేనని నిరూపించుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. 1990లో ఎం.ఎం.ఆర్. ఖాన్ కేసులో తీర్పు వచ్చింది. చట్టబద్ధమైన క్యాంటీన్లలోను, గుర్తింపు పొందిన ఇతర క్యాంటీన్లలోను పనిచేసేవారు రైల్వే ఉద్యోగులేనని న్యాయస్థానం ప్రకటించింది. గుర్తింపు లేని క్యాంటీన్లవారికి ఆ హక్కు దక్కలేదు. అనగా, ఒకే పప్పు వండిన ఇద్దరిలో ఒకరు ఉద్యోగి, మరొకరు కారు. తర్వాత 1999లో ఐ.ఆర్.సి.టి.సి. వచ్చింది. 2005లో ఆహార సరఫరా దానికి అప్పగించారు. 2010లో చాలా భాగం వెనుకకు తీసుకున్నారు. 2017లో మళ్ళీ అప్పగించారు. విధానాలు అటూ ఇటూ మారుతున్న ఆ కాలమంతా, గుత్తేదారు క్రింద ప్యాంట్రీ కారులో వేడికి మాడిపోతూ వండే మనిషిని నిపుణుడని ఏ న్యాయనిర్ణేతా మెచ్చుకోలేదు.

బడులలో మధ్యాహ్న భోజనం సంగతి మరింత బాధాకరం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడిపిల్లలకు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. ఈనాడు దేశంలో సుమారు ఇరవై ఐదు లక్షల మంది, అత్యధికులు స్త్రీలు, ఆ భోజనం వండుతున్నారు. 2009 డిసెంబరు నుండి కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వేయి రూపాయలు. అదీ సంవత్సరంలో పది నెలలకు మాత్రమే. పదేళ్ళకు పైగా కేంద్రం ఆ అంకెను కదపలేదు. కొన్ని రాష్ట్రాలు తమ వంతు కలిపి ఇస్తున్నాయి. 2013 మే నెలలో ఢిల్లీలో జరిగిన నలభై ఐదవ భారత కార్మిక మహాసభ ఇటువంటి పథకాల కార్మికులను కార్మికులుగా గుర్తించి, కనీస వేతనం, సాంఘిక భద్రత కల్పించాలని సిఫారసు చేసింది. మూడు నెలల తర్వాత అదే సంవత్సరం టి.వి.లో పిల్లల వంట పోటీ మొదలైంది. పోటీని ఇంటింటా చూశారు. సిఫారసు మాత్రం సిఫారసుగానే ఉండిపోయింది.

పిల్లలతో పాటు నిలబడగల వంటనిపుణులు ఐదు నక్షత్రాల హోటలులోనే ఉన్నారా? వంద మంది పిల్లలకు కట్టెల పొయ్యి మీద వేళకు అన్నం వండి, ఒక్క మెతుకు వృథా కాకుండా వడ్డించే ఆమె నిపుణురాలు కాదా? రన్నింగ్ రూములో ఒక్కొక్క లోకో పైలట్ తెచ్చిన బియ్యం, పప్పు విడివిడిగా వండి, ఎవరి కూర ఎవరికి పోవాలో తప్పకుండా, నిద్ర చెడకుండా అందించే వంటమనిషి నిపుణుడు కాడా? అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీనులో అన్నం తిన్న మన ఢిల్లీ తెలుగువారు, గోంగూర పచ్చడి కలుపుకుంటున్నప్పుడు సొంత ఊరు జ్ఞాపకం వచ్చి, లోపల వండుతున్నవారికి మనసులోనే నమస్కరించలేదా?

మన కర్తవ్యం

పిల్లల వంట పోటీలను నిషేధించాలని మేము కోరడం లేదు. ఆ పనిచోటును పనిచోటుగా గుర్తించాలని కోరుతున్నాము. అందుకు కొన్ని సూచనలు కార్మికోద్యమం ముందు ఉంచుతున్నాము.

మొదటిది, పిల్లలు పాల్గొనే ప్రతి కార్యక్రమానికి జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చిన అనుమతి, పని గంటల లెక్క బహిరంగపరచాలి. కార్యక్రమం చివర వంటపాత్రల కంపెనీ పేరు చూపగలిగినవారు, పిల్లలు ఎన్ని గంటలు పనిచేశారో చూపలేరా? రెండవది, కార్మిక శాఖ తనిఖీ అధికారి చిత్రీకరణ స్థలానికి ముందు చెప్పకుండా వెళ్ళగలగాలి. మూడవది, పిల్లల పోటీలలో ఒక్కొక్కరినీ వెళ్ళగొట్టే పద్ధతి తీసివేయాలి; మొదటి రోజు వచ్చిన పిల్లలందరూ చివరి రోజు వరకు ఉండి నేర్చుకోవాలి. నాలుగవది, పిల్లవాని పేరిట జమ కావలసిన ఇరవై శాతం జమ అయినదీ లేనిదీ నిర్ధారించే బాధ్యత ఒక అధికారికి అప్పగించాలి. చిన్న మొత్తాల పొదుపు పుస్తకాన్ని జీవితమంతా చూసిన తపాలా సోదరులకు, జమ అయిన పది రూపాయలకు, కావలసి ఉండి జమ కాని పది వేలకు గల భేదం బాగా తెలుసు. 2001లో ఢిల్లీ ఫతేపురి ప్రాంతంలో వీధి బాలల కోసం 'బటర్‌ఫ్లైస్' సంస్థ ఒక పొదుపు ఖజానా ప్రారంభించి, దాని లెక్కలు పిల్లలచేతనే వ్రాయించింది. ఇంటి గడప లేని పిల్లలు తమ డబ్బు లెక్క తాము చూసుకోగలిగినప్పుడు, స్టూడియో పిల్లల డబ్బుకు లెక్క చూపడం కష్టం కాదు.

ఇవి ప్రభుత్వం చేయవలసినవి. మనం చేయవలసినది కూడా ఒకటి ఉన్నది. మన రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో, తపాలా కాలనీలలో వేసవి సెలవులలో ఆటల పోటీలు జరుపుతున్నాము. ఈ సంవత్సరం ఒక దినం వంటకు కేటాయిద్దాం. మన క్యాంటీను వంటవారిని, రన్నింగ్ రూము వంటవారిని, దగ్గరి బడిలో భోజనం వండే సోదరీమణులను గురువులుగా పిలుద్దాం. ఆనాటి శ్రమకు వారికి తగిన వేతనం చెల్లిద్దాం. ఇద్దరిద్దరు పిల్లలను ఒక్కొక్కరికి అప్పగిద్దాం. కత్తీ, నిప్పూ పెద్దల చేతిలో, పిండీ, కూరా పిల్లల చేతిలో ఉంచుదాం. బహుమతి ఎవరికీ వద్దు. వండినది అందరూ కూర్చుని తినాలి. తిన్న తర్వాత మగపిల్లలతో సహా అందరూ పాత్రలు కడగాలి. తెరమీద ఏనాడూ కనిపించని ఆ చివరి పాఠం నేర్చుకున్న పిల్లవాడు, రేపు పెద్దవాడై ఏ ఉద్యోగంలో చేరినా, తనకు అన్నం పెట్టిన చేతిని జీతాల పట్టీలో వెతుకుతాడు. ఆ పేరు అందులో లేకపోతే, ఎందుకు లేదని అడుగుతాడు.